ప్రేరణార్థకం

మా ఆఫీసులో నెలకొకసారి మాకు ప్రేరణ కలిగిస్తారు. కలగకపోతే జీతం కోయరు గానీ హాజరు మాత్రం తప్పనిసరి. మొన్న వచ్చిన వక్తగారు కోటు సర్దుకుని, అమెరికాలోని కొలరాడో కొండల్లో 10,000 అడుగుల ఎత్తున వెలసిన లెడ్‌విల్ అనే వెండి గనుల ఊరి కథ ఎత్తుకున్నారు. 1878లో హోరేస్ టేబర్ అనే కొట్టు యజమాని ఇద్దరు గని వేటగాళ్లకు తొలి విడతగా 17 డాలర్ల సరుకులిచ్చి, దొరికినదానిలో మూడో వంతు తనకని మాట తీసుకున్నాడట. వెండి పడింది. టేబర్ కోటీశ్వరుడయ్యాడు. "చూశారా దార్శనికత!" అన్నారు వక్తగారు.

దార్శనికతే, సందేహం లేదు. ఆ ఇద్దరూ వెళ్తూ వెళ్తూ కొట్లోంచి విస్కీ జాడీ కూడా పట్టుకెళ్లారనీ, తాగడానికి నీడ చూసుకుని కూలబడిన చోటే తవ్వారనీ ఆ ఊరి కథ. దీన్ని మేనేజ్‌మెంటు శాస్త్రంలో ఏ అధ్యాయం కింద చెబుతారో అడగాలనుకున్నాను.

ఆయన దాటవేసిన ఘట్టం ఇంకొకటుంది. చికెన్ బిల్ అనే మహానుభావుడు తన వట్టి గోతిలో టేబర్ గని ఖనిజాన్నే తెచ్చి చల్లి, ఆ గోతిని టేబర్‌కే అమ్మాడంటారు. మన కోడిని మన సంతలో మనకే బేరం పెట్టినట్టు! టేబర్ సంతోషంగా డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. విషయం తెలిశాక జనం నవ్వుకున్నారు. ఆయన మాత్రం ఇంకొంత లోతుకు తవ్వించాడు. అక్కడా వెండి పడింది! కనుక సహోద్యోగులారా, మోసపోండి, శ్రద్ధగా మోసపోండి, ఆ తర్వాత ఇంకొంచెం తవ్వించండి. తవ్వించండి అన్నాను, తవ్వండి అనలేదు. వ్యాకరణంలో దీన్ని ప్రేరణార్థకం అంటారు. ఆ పూటకు నాకు కలిగిన ప్రేరణ అదొక్కటే.

తవ్వినవాళ్లు వక్తగారి స్లైడ్లలో లేరు. 1877లో గుప్పెడు గుడిసెలున్న చోట 1880 జనాభా లెక్కలనాటికి దాదాపు 15,000 మంది చేరారు. ఇళ్లేవి? పక్కలు షిఫ్టుల లెక్కన అద్దెకు ఇచ్చేవారు. ఒకడు గనికి లేవగానే, గని నుంచి వచ్చినవాడు ఆ వెచ్చదనంలోనే బూట్లతో సహా ఒరిగేవాడు. దుప్పటికి చల్లారే తీరిక ఉండేది కాదు. బయట మంచు, ఖనిజం కరిగించే కొలుముల సీసపు పొగ, మధ్యలో న్యుమోనియా.

రోజు కూలి 3 డాలర్లు. 4 డాలర్లు ఇవ్వండి, పనిగంటలు 8 చేయండి అని 1880 మేలో సమ్మె కట్టారు. జూన్‌లో జవాబు వచ్చింది: మార్షల్ లా. అప్పటికి టేబర్‌గారు రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నరు కూడా. 17 డాలర్ల ఉదారత గురించి గంటసేపు చెప్పిన మనిషికి ఈ ఒక్క డాలరు గుర్తుకు రాలేదు! సిగ్గుండాలి. ఆ ఊరి శ్మశానంలో, పైన్ చెట్ల కింద, 1,300 మందికి పైగా పేరైనా లేకుండా ఉన్నారు. ఎక్కువమంది ఐర్లండు నుంచి వచ్చిన నిరుపేదలు, వారి పిల్లలు. రాతి పలకలు లేవు, కుంగిన నేలే గుర్తు. వాళ్లకో స్మారకం 2023లో గానీ రాలేదు. అదే టేబర్ 1879లో నాటకశాలను మాత్రం నూరు రోజుల్లో కట్టించాడు.

వక్తగారి చివరి స్లైడు ఆ నాటకశాలే. 1893లో వెండి ధర కుప్పకూలడం, టేబర్ దివాలా తీయడం, చివరికి డెన్వర్‌లో పోస్టుమాస్టరు కొలువు సంపాదించుకోవడం, ఇవేవీ తెరమీదికి రాలేదు. ఏళ్ల తరబడి గని కూలీలకు వండిపెట్టి ఆ సంసారాన్ని నిలబెట్టిన మొదటి భార్య అగస్టా అసలే రాలేదు.

ప్రశ్నలుంటే అడగమన్నారు. "తవ్వినవాళ్ల సంగతి ఏమిటండీ?" అన్నాను. వక్తగారు "చాలా మంచి ప్రశ్న" అని గడియారం చూసుకున్నారు. మా మేనేజరుగారు చప్పున లేచి, "అందరికీ టీ తెప్పిస్తున్నాను" అన్నారు.