సీఎస్ఆర్ టీషర్టు గారికి ఒక ఉద్యోగి లేఖ

మహారాజశ్రీ సీఎస్ఆర్ టీషర్టు గారి సముఖమునకు, గచ్చిబౌలి నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. మాకిక్కడ అప్రైజల్స్ నడుస్తున్నాయి కాబట్టి మా కుశలం సంగతి జీతం పెంచే హైక్ లెటర్ వచ్చాక తెలుపుకుంటాను.

సీఎస్ఆర్, అంటే కార్పొరేట్ సామాజిక బాధ్యత పేరిట, మొన్నటి సేవా కార్యక్రమానికి మా కంపెనీ పంచిన తమరు మా బీరువా పై అరలో క్షేమంగా ఉన్నారు. నారింజ రంగు, ఛాతీ మీద గుండెను పట్టుకున్న రెండు చేతులు, వీపు మీద జానెడు అక్షరాల్లో కంపెనీ పేరు. మొదటి ఉతుకులోనే రంగు వదిలి మా ఆవిడ తెల్ల చున్నీని కూడా సామాజిక బాధ్యతలో భాగస్వామిని చేశారు. ఆవిడ ఆ రోజు తమరి గురించి అన్న మాటలు ఇక్కడ రాయను.

తమరి వంశచరిత్ర కాస్త తిరగేశాను. 2013 కంపెనీల చట్టం, సెక్షన్ 135. అమల్లోకి వచ్చింది 2014 ఏప్రిల్ 1న, ముహూర్తం ఎవరు పెట్టారో గానీ. 500 కోట్ల నికర విలువో, 1000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు చేయాలి. మంచి చట్టమే, ఇందులో వెటకారం లేదు. ఆ డబ్బుతో బడుల్లో మరుగుదొడ్లు కట్టారు, ఆసుపత్రులకు యంత్రాలు కొన్నారు. వాటికి తమరి అవసరం పడలేదు, అంతే.

ఉద్యోగులు ఉచితంగా చేసే సేవకు వెల కట్టి ఆ 2 శాతంలో చూపించకూడదని కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఎప్పుడో చెప్పేసింది. అంటే తమరిని తొడుక్కుని నేను కార్చిన చెమట చట్టం లెక్కలో సున్నా. ఇంకో నియమం ఇంకా బాగుంది: ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే పనులు సీఎస్ఆర్ కిందికి రావు. మరి మొన్నటి కార్యక్రమంలో ఏసీ బస్సు, బిర్యానీ, మీటింగుల్లేని రోజు, లింక్డిన్‌లో వందల లైకులు, ఇవన్నీ ఎవరికి దక్కాయంటారు?

శంషాబాద్ అవతల ఆ సర్కారు బడి గుర్తుందా? ప్రహరీ మీద అప్పటికే అ-అమ్మ, ఆ-ఆవు ఉన్నాయి. పోయినేడు వేరే కంపెనీ వాళ్లు వేసి పోయారట. లక్షణంగా ఉన్నాయి. మేం వాటి మీద తెల్లరంగు కొట్టి మళ్లీ అ-అమ్మ, ఆ-ఆవు వేశాం. రెండో తరగతి పిల్ల ఒకతి వచ్చి చాలాసేపు చూసి, "సారూ, గిది కుక్కనా?" అంది. మా టీమ్ లీడ్ దానికి కొమ్ములు పెద్దవి చేశాడు.

అప్పుడే హెడ్మాస్టర్ గారు నన్ను మెల్లగా పక్కకు పిలిచారు. "సార్, మీరు కంప్యూటరోళ్లే గదా. యూడైస్ ప్లస్‌ల పిల్లల పేర్లు ఆధార్‌తోని కలుస్తలేవు. అపార్ ఐడీలు వస్తలేవు. జర చూస్తరా?" చూశాను. యూడైస్ ప్లస్ అంటే బడుల, పిల్లల వివరాలు ఎక్కించే సర్కారు పోర్టల్, అపార్ అంటే ప్రతి విద్యార్థికీ ఇచ్చే గుర్తింపు నంబరు. ఒక పిల్లకు ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బడి రిజిస్టర్లో ఒక్క అక్షరమే. ఒకడి తండ్రి పేరు చోట తాత పేరు. ఇంకొకడు ఆధార్ ప్రకారం జనవరి 1న పుట్టాడు, వాళ్లమ్మ మాత్రం బతుకమ్మ పండుగప్పుడు అంటోంది. రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి, ఎవరిది బడిలో దిద్దాలో, ఎవరిని ఆధార్ సెంటర్‌కు పంపాలో విడివిడిగా తేల్చే ఎక్సెల్ షీటు మొదలుపెట్టాను. ఆఫీసులో రోజూ చేసే చాకిరీయే. కానీ ఆయన పక్కన కుర్చీ వేసుకుని ఒక్కో పేరు కలిసినప్పుడల్లా "అబ్బ!" అంటుంటే, మా క్లయింటు ఇన్నేళ్లలో ఒక్కసారైనా అలా అన్నాడా అనిపించింది.

సగంలో హెచ్చార్ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. గ్రూప్ ఫొటో అట, అందరి చేతుల్లో బ్రష్ ఉండాలట. ఆరిన బ్రష్ పట్టుకుని, తమరిని ముందుకు లాక్కుని నిలబడ్డాను. ఫొటోలో తమరు బాగా పడ్డారు.

మిగతా ఏడాదంతా నేనేం చేస్తానో బీరువాలో ఉండే తమరికి తెలియదు. ఓ విదేశీ యాప్‌లో చందా రద్దు చేసుకునే దారి మా టీమ్ చేతిలో ఉంది. రద్దు చేయాలంటే ఐదు తెరలు దాటాలి. రెండో తెరలో ఏడుపు ముఖం పెట్టిన పాండా. నాలుగో దాంట్లో 'కొనసాగిస్తాను' అనే బటన్ పచ్చగా మెరుస్తుంది, 'రద్దు' బూడిద రంగులో నక్కి ఉంటుంది. ఆ బూడిద ఎంత లేతగా ఉండాలన్న దాని మీద పెద్ద పెద్ద డిగ్రీలున్న వాళ్లం గంటలకొద్దీ వాదించుకున్నాం. మన దేశంలో ఇలాంటి తిరకాసు డిజైన్లు 13 రకాలని లెక్కగట్టి, 2023 నవంబరులో మార్గదర్శకాలిచ్చి కేంద్రం నిషేధించింది. అందులో చందా ఉచ్చు కూడా ఉంది. మా క్లయింటు ఇక్కడ అమ్మడు కాబట్టి మా పాండా నిశ్చింతగా ఏడుస్తోంది.

సెక్షన్ 135 లాభంలో 2 శాతం ఎటు పోయిందని అడుగుతుంది. ఆ లాభం ఎలా వచ్చిందన్నది దాని సబ్జెక్టు కాదు. ఎవరూ అడగని ఆ జాగాలోనే తమరికి కొలువు. ఏడాదంతా పాండాను ఏడిపించి, ఒక్కరోజు తమరిని తొడుక్కుంటే సరి.

అలాగని నేను రాజీనామా చేసి పల్లెకు పోతానని కంగారుపడకండి. ఇంటి లోను ఉంది. కెఫెటీరియాలో మాలో ప్రతివాడూ ఓసారి సేంద్రియ వ్యవసాయం అంటాడు, ఒకడైతే ఆవుల రేట్లు కూడా కనుక్కున్నాడు. జీతం పడ్డ మెసేజ్ రాగానే ఆ నాగలి అక్కడే ఆగిపోతుంది. నేను చేసిందల్లా ఐదు తెరలను రెండు చేద్దామని ఒక టికెట్, అంటే మా భాషలో పని అర్జీ, పెట్టడం. మేనేజర్ చదివి, "మంచి ఆలోచన బ్రో" అని, 'ఉంటే బాగుంటుంది' అన్న విభాగంలోకి తోసేశాడు. ఆ విభాగంలోకి పోయిన టికెట్ తిరిగొచ్చిన దాఖలా లేదు.

హెడ్మాస్టర్ గారు వాట్సాప్‌లో ఇంకా పేర్లు పంపిస్తున్నారు. రాత్రిళ్లు కూర్చుని సరిచూస్తున్నాను. ఆ గంటలు టైమ్‌షీట్‌లో ఏ కోడ్ కింద వేయాలని అడిగితే, సేవకు కోడ్ ఉంది గానీ ఫొటో జతచేయాలని హెచ్చార్ నుంచి జవాబొచ్చింది. చేశాను. తిప్పి పంపారు. ఫొటోలో లాప్‌టాప్ ఉంది, నేనున్నాను, తమరు లేరట.

కాబట్టి ఈ రాత్రి తొమ్మిదింటికి వీలు చేసుకుని బీరువా దిగి రావలెనని ప్రార్థన. ఫొటో అయ్యాక వెళ్లిపోవచ్చు.

ఇట్లు,
ఎక్సెల్ సైజు రాసిస్తే మీడియం అందుకున్న విధేయుడు