బోర్డు పర్మిషన్ రూల్స్ గారికి ఒక బహిరంగ లేఖ

దుకాణాల బోర్డుల పర్మిషన్ రూల్స్ గారికి,

నమస్కారం. మీ దయ వల్ల ఈ మధ్యాహ్నం కూడా కౌంటర్ ముందు కుర్చీలోనే గడిచిపోయింది, అప్లికేషన్ మళ్లీ వెనక్కి వచ్చింది. బోర్డు వైశాల్యం పరిమితి దాటిందట. అసలు బోర్డే లేదు మహాప్రభో, గోడకి విడివిడిగా బిగించే అక్షరాలు, అంతే!

కానీ మీ కొలత వేరు కదా. పేరు మొత్తం చుట్టూ ఒక దీర్ఘచతురస్రం గీస్తారు, లోపల ఏది పడితే అది బోర్డే. అక్షరానికీ అక్షరానికీ మధ్య గోడ బోర్డు. పేరుకీ లోగోకీ మధ్య ఖాళీ బోర్డు. పేరులో ఎక్కడో ఒక వత్తు కిందికి దిగిందా, దాని పుణ్యమా అని ఈ చివర నుంచి ఆ చివర దాకా అంత మేర గోడ నా ఖాతాలో పడుతుంది. ఈ లెక్కన నా ప్రకటనలో సగానికి పైగా సున్నమే. సున్నం ఏం ప్రకటిస్తోందో కాస్త సెలవివ్వండి. పైగా ఫీజు కూడా ఆ వైశాల్యం మీదే!

"వత్తు తీసేస్తే సరిపోతుంది కదండీ" అని కౌంటర్‌లో ఆయన మంచి మనసుతోనే సలహా ఇచ్చారు. పేరు మారిపోతుంది సార్ అంటే, అది తమ పరిధిలోకి రాదన్నారు.

స్కేలుకి గీసిన డ్రాయింగు, ఓనర్ సమ్మతి పత్రం, గోడ బరువు మోస్తుందని ఇంజినీరు సంతకం అడిగారు, ఇచ్చాను. గాలికి ఊడి ఎవరి నెత్తిన పడినా ప్రమాదమే, కాబట్టి అవి న్యాయమే. లైటు పెడితే ఇంకో ఫారం, ఫుట్‌పాత్ మీదికి కాస్త పొడుచుకొస్తే ఇంకోటి, పాతకాలపు భవనమైతే రంగు కూడా మీ ఇష్టమే. పక్కనున్న పాత బోర్డు మీరు పుట్టకముందుది గనక దాని జోలికి వెళ్లరు. అయితే దాన్ని విప్పి కొత్తది పెడితే మాత్రం ఆ హక్కు పోతుందంటారు, అందుకే ఎవరూ ముట్టుకోరు, అది అలా తుప్పు పట్టి వేలాడుతూనే ఉంటుంది. వీధి అందం కాపాడటం అంటే ఇదన్నమాట.

కఠినంగా ఉండొద్దని నేను అనను. బ్రెజిల్‌లోని సావో పాలో 2007 నుంచి హోర్డింగులనే నిషేధించింది. దుకాణం ముఖభాగం 10 మీటర్ల లోపుంటే బోర్డు 1.5 చదరపు మీటర్లు దాటకూడదంది. అయినా గోడ మీద విడి అక్షరాలుంటే ఒక్కోదాని అంచు వెంబడి గీత గీసి ఆ ముక్కలే కూడమంది. అంత కరకు చట్టానికే అక్షరానికీ గోడకీ తేడా తెలిసింది, నీకేం రోగం? ఊరంతా కొలిచే టేపు చేతిలో పెట్టుకుని, ఉన్నదాన్ని వదిలేసి లేనిదాన్ని కొలుస్తావా?

మళ్లీ అప్లై చేస్తున్నాను. ఈసారి డ్రాయింగులో గీతలు అక్షరాల చుట్టూనే ఉన్నాయి, వత్తు కూడా ఉంది. కాదంటే ఏ క్లాజు ప్రకారమో నంబరు వేసి, కాగితం మీద రాసివ్వండి. నోటిమాట ఒప్పుకోను.

ఇట్లు,
ఇంకా పేరు లేని దుకాణం ఓనర్