ఖాళీ రోడ్డు మీద నలభై

హైదరాబాద్‌లో 2022 నుంచి డివైడర్ ఉన్న రోడ్ల మీద కార్లకు గరిష్ఠ వేగం 60 కిలోమీటర్లు, కాలనీల్లో 30. ఆ 60ని 40కి దించాలనే ట్రాఫిక్ ఇంజనీరుకీ, ససేమిరా అనే క్యాబ్ డ్రైవర్ల సంఘం నాయకుడికీ మధ్య వాదన ఇది.

నాయకుడు: పొద్దంత బండి ఇరవై దాటదు సార్. రాత్రి రోడ్డు ఖాళీ అయినంక గూడ 40 అంటె మాకు ట్రిప్పులెట్ల పడాలె?

ఇంజనీరు: ప్రాణాల మీదికి వచ్చేది ఆ ఖాళీ రోడ్డు మీదే. 60లో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మనిషి అడ్డం వచ్చాడని చూసి బ్రేకు తొక్కేసరికే ఓ సెకను. ఆ తర్వాత పొడి తారు మీద ఆగడానికి ఇంకో 20 మీటర్లు. 40లో వచ్చే బండి మొత్తం 20 మీటర్లలో ఆగిపోతుంది. సరిగ్గా ఆ చోట 60 బండి ఇంకా 55 వేగంతో ఉంటుంది. వాన పడినా, టైర్లు అరిగినా ఇంకా ఘోరం.

నాయకుడు: మనిషి నడిరోడ్డు మీదికెందుకొస్తున్నడు? ఫుట్‌పాత్ మీద డబ్బాలు, బండ్లు. ముందు అది చూడుండ్రి.

ఇంజనీరు: అవి తీసేదాకా నడిచేవాళ్లు రోడ్డు మీదే ఉంటారు కదండీ.

నాయకుడు: పది కిలోమీటర్లకు 60ల పది నిమిషాలు, 40ల పదిహేను. గా ఐదు నిమిషాలు ఎవరిస్తరు?

ఇంజనీరు: మధ్యలో సిగ్నళ్లు లేకపోతే ఆ లెక్క. అర కిలోమీటరుకో సిగ్నలుంటే 60లో 30 సెకన్లు, 40లో 45. ముందు చేరి ఎర్ర లైటు కింద నిలబడతారంతే. ఒకదాని తర్వాత ఒకటి 45 సెకన్లకు పచ్చ పడేలా పెడితే ఎక్కడా ఆగక్కర్లేదు. క్లచ్చూ డీజిలూ మిగులుతాయి.

నాయకుడు: రాత్రి సిగ్నళ్లన్ని పసుపుల మిణుకుమంటయి సార్. అప్పుడేం పచ్చ?

ఇంజనీరు: నిజమే, రాత్రి కొంత టైం పోతుంది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో 2019లో ఇళ్లున్న వీధుల్లో చాలావాటికి 30 పెట్టారు, సెంటర్లో పెద్ద రోడ్లకు 40. 2025 జులై దాకా ఏడాది పొడుగునా రోడ్డు ప్రమాదంలో ఒక్కరూ చనిపోలేదు.

నాయకుడు: వట్టి బోర్డులతోనా?

ఇంజనీరు: కాదు. వీధులు ఇరుకు చేశారు, కెమెరాలు పెట్టారు.

నాయకుడు: మీరేమొ మూడున్నర మీటర్ల లేన్లు ఏస్తరు. రోడ్డే 80 పొమ్మంటది. చెట్టు చాటుకు కెమెరా, 1000 రూపాయల చలాన. కాలనీల హంపులు చూసిన్రా? మూరెడు వెడల్పు, జానెడు ఎత్తు. ఇంజను కింది ఆయిల్ సంపు పగులుతది.

ఇంజనీరు: హంపుల మాట ఒప్పుకుంటా. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి హంపు వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. 25లో పోతే కుదుపు పెద్దగా తెలియదు. కొలత లేకుండా తారు కుప్ప పోస్తే మీరు చెప్పిందే. లేన్లు కూడా మూడు మీటర్లకు తగ్గించి, మిగిలింది ఫుట్‌పాత్‌కి ఇవ్వాలి.

నాయకుడు: అయితె గవన్ని చేసినంకనె 40 పెట్టుండ్రి.

ఇంజనీరు: వాటికి ఏళ్లు పడుతుంది, బోర్డు ఒక్క రోజులో పడుతుంది. కెమెరా ముందుందని 200 మీటర్ల ముందే రాయిస్తా.

నాయకుడు: అట్లయితె మాట్లాడుదాం. గని రాత్రి పదకొండు దాటినంక 50 ఉండాలె.

ఇంజనీరు: తాగి నడిపేవాళ్లు వచ్చే టైం అది. ఇవ్వను.