సీడీని తక్కువ చేయకండి
వినైల్‌లో (ముల్లుతో తిరిగే పాత తరహా రికార్డులో) ధ్వని తరంగం తెగకుండా ఉంటుంది, సీడీలో ముక్కలవుతుంది కాబట్టి వినైలే మేలని వ్యాసంలో రాశారు, ఈ ఒక్క మాట మాత్రం ఒప్పుకోలేను. సీడీలో సెకనుకు 44,100 శాంపిళ్లు (తరంగం ఎత్తును కొలిచిన అంకెలు) ఉంటాయి, మన చెవికి వినిపించే 20 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న తరంగం వాటి నుంచి మళ్లీ నున్నగా తయారవుతుంది, మెట్లు మెట్లుగా ఏమీ రాదు. సీడీలో ఒక్కో శాంపిల్‌కి ఉండే 16 బిట్లకు డైనమిక్ రేంజ్, అంటే అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య తేడా, దాదాపు 96 డెసిబెల్స్, వినైల్‌కి రికార్డు ఎంత బాగా అచ్చువేసినా 70 దగ్గర ఆగిపోతుంది. ఇంకోటి, రికార్డు తిరిగే వేగం మారదు కానీ ముల్లు లోపలికి వెళ్లేకొద్దీ గాడి చుట్టుకొలత తగ్గుతుంది, అంతే సేపటి ధ్వని తక్కువ పొడవులో ఇరుక్కుంటుంది, అందుకే సైడ్ చివరి పాటలో 'స', 'ష' శబ్దాలు గరగరలాడతాయి (హెడ్‌ఫోన్స్‌లో ఇంకా బాగా తెలుస్తుంది).

మరి చాలామందికి వినైలే బాగుందని ఎందుకనిపిస్తుంది? 1990ల నుంచి ఎన్నో సీడీలను గట్టిగా వినిపించాలని విపరీతంగా కంప్రెస్ చేసేశారు, చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ తేడా లేకుండా పోయింది. అదే ఆల్బమ్‌కి వినైల్ మాస్టర్ (రికార్డు అచ్చుకు వాడే తుది ఆడియో) వేరుగా, జాగ్రత్తగా చేసి ఉంటే అది నిజంగానే హాయిగా ఉంటుంది. తప్పంతా స్టూడియోలో తీసుకున్న నిర్ణయానిదే. 1980లలో వచ్చిన సీడీ ఏదైనా దొరికితే, రెండిటికీ వాల్యూమ్ సమానంగా పెట్టి అదే ఆల్బమ్ వినైల్‌తో పోల్చి చూడండి.