చెట్టు మొదట్లో సిమెంటు ఎందుకు పోస్తారు?

విశాఖ ఎంవీపీ కాలనీలో పాత వీధులకు అందం తెచ్చింది మేడలు కాదు, చెట్ల నీడ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖలో వేలాది చెట్లను కూల్చేసింది. తర్వాత నాటినవి ఇప్పుడిప్పుడే గొడుగు పడుతున్నాయి. ఇంతలో మా వీధిలో పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టినవాళ్లు, గేటు ముందు ర్యాంపు పోస్తూ కానుగ చెట్టు మొదలంటా సిమెంటు కప్పేశారు. వేలు దూరే సందు కూడా లేదు! వేళ్లకు నీరెలా అందుతుంది? పైగా ర్యాంపు కింద కాలువలో పూడిక తీసే దారి లేక, వానొస్తే మురుగంతా రోడ్డు మీదే. అడిగితే "ఆకులు రాలి కారు పాడవుతోందండీ" అంటారు. ఆ నీడ చూసే కదా ఇక్కడ ఫ్లాటు కొన్నారు! పాతబడిన గోడకు రంగు వేసుకోవచ్చు, ఎండిన చెట్టుకేం చేస్తారు? మొదలు చుట్టూ మీటరు మట్టి వదలండి, చాలు.