స్టార్మ్ విండోలు తీసే పనిని తేలిగ్గా తీసుకోకండి

పిట్స్‌బర్గ్, క్లీవ్‌లాండ్ లాంటి చోట్ల పాత ఇళ్లు కొన్న మన తెలుగువాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాలి. బయట పెయింట్ వేయించాలంటే ఏ రంగు, ఎంత రేటు అని రోజుల తరబడి మాట్లాడుకుంటాం. చలికాలం కోసం కిటికీలకు బయటవైపు అదనంగా బిగించిన రెండో కిటికీలను, అంటే ఆ పాత స్టార్మ్ విండోలను, పెయింట్‌కు ముందు ఎలా తీస్తారని మాత్రం ఒక్కరూ అడగరు. మా వీధిలో ఒక పెయింటర్ వాటిని ఇనుప కడ్డీతో పెకలించాడు. పెచ్చులుగా ఊడిన పెయింట్ పూలమొక్కల్లో పడింది. ఆ ఇంట్లో పాకే వయసు పాప ఉంది. నాకు కోపం ఆగలేదు.

అమెరికాలో ఇళ్ల పెయింట్‌లో సీసం (లెడ్) వాడకాన్ని 1978లో నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇల్లయితే, పరీక్ష చేయించేదాకా ఆ పెయింట్‌లో సీసం ఉందనే అనుకోవాలి. గోడలను ఎన్నిసార్లు గీకి రంగు వేసినా స్టార్మ్ విండో వెనకున్న చెక్క జోలికి సాధారణంగా ఎవరూ పోరు. పాత పొరలన్నీ అక్కడే పెళుసుబారి ఉంటాయి. ఆ దుమ్ము పిల్లల చేతుల మీదుగా నోట్లోకి పోతే మెదడు ఎదుగుదలే దెబ్బతింటుంది.

అందుకే పెయింటర్‌ను ముందు ఈపీఏ (అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ) లెడ్-సేఫ్ సర్టిఫికెట్ చూపించమనండి. ఏదో చిన్న రిపేరు తప్ప, అలాంటి ఇళ్లలో డబ్బు తీసుకుని పనిచేసేవాళ్లకు 2010 నుంచి అది తప్పనిసరి. సర్టిఫికెట్ లేనివాడు ఎంత చవగ్గా చేస్తానన్నా వద్దనండి. మన ఇంట్లో మనమే చేసుకుంటే ఆ రూల్ వర్తించదు, కానీ సీసం మాత్రం అదే సీసం. పిల్లల్ని ఆ రోజుకి ఇంకెక్కడైనా ఉంచండి. కిటికీలు మూసి, గోడ నుంచి పది అడుగుల దాకా నేల మీద ప్లాస్టిక్ షీట్ పరవండి. సన్నటి దుమ్మును కూడా ఆపే పీ100 మాస్క్ పెట్టుకుని, గీకేచోట నీళ్లు స్ప్రే చేస్తూ తడిపే గీకండి. మంట పెట్టి పెయింట్ ఊడగొట్టడం అసలే వద్దు.

అల్యూమినియం రకమైతే లోపలి నుంచి గాజు పలకలు, దోమతెర ముందే తీసేస్తే ఫ్రేమ్ తేలికవుతుంది. ఫ్రేమ్ చుట్టూ పెయింట్, కాక్ (సందులు పూడ్చే జిగురు పదార్థం) అతుక్కున్నచోట చాకుతో గీత కోయండి. స్క్రూ గాడిలో నిండిన పెయింట్ గీకేశాకే స్క్రూడ్రైవర్ పెట్టండి. కింది స్క్రూలు, పక్క స్క్రూలు ముందు. పైవాటిని చివరిదాకా ఉంచి, లోపల ఒక మనిషి ఫ్రేమ్ పట్టుకున్నాకే విప్పాలి. రెండో అంతస్తులో, నిచ్చెన మీద, ఒక్కరే ఈ పని చేయొద్దు, దయచేసి. ప్రతి ఫ్రేమ్ మీదా, దాని కిటికీ మీదా ఒకే నంబరు రాయండి. పాత ఇళ్లలో ఏ రెండు కిటికీలూ ఒకే కొలతలో ఉండవు.

తిరిగి బిగించేటప్పుడు అడుగున నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రాలను కాక్‌తో మూయనివ్వకండి. మూస్తే నీరు నిలిచి కిందిచెక్క కుళ్లిపోతుంది, కొత్త పెయింట్ కూడా ఊడొస్తుంది.