రెండు లక్షల కిలోమీటర్ల కారును ఎందుకు అమ్మాలి?

"అమ్మితే లక్షన్నర కూడా రాని బండి మీద అరవై వేలు పెడతారా?" పన్నెండేళ్లు దాటిన కారున్న ప్రతి ఇంట్లో ఏదో ఒక రోజు ఈ ప్రశ్న వస్తుంది. సర్వీసు సెంటర్లో అడ్వైజర్ అడుగుతాడు, పక్కింటాయన అడుగుతాడు, పండగకు వచ్చిన బావగారు అడుగుతారు. అడిగేవారి దగ్గర జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది: ఇచ్చేసి కొత్తది తీసుకోండి. మధ్యతరగతి ఇళ్లను అక్కర్లేని అప్పులోకి దించే తప్పుడు లెక్క ఇది.

మరమ్మతు ఖర్చును పాత కారు అమ్మకపు ధరతో పోల్చడంలోనే పొరపాటు ఉంది. అమ్మకపు ధర కొనేవాడికి సంబంధించిన లెక్క. మీరు దాన్ని నడుపుకుంటున్నారు. కాబట్టి మీరు తేల్చుకోవలసింది ఒక్కటే. వచ్చే ఏడాదంతా మీ ఇంటి ముందు ఒక కారు ఉండాలంటే పాతదానికి ఎంతవుతుంది, కొత్తదానికి ఎంతవుతుంది?

పది లక్షల కారు కొన్నారనుకుందాం. రెండు లక్షలు చేతి నుంచి కట్టి, మిగతా ఎనిమిది లక్షలకు 9 శాతం వడ్డీతో ఐదేళ్ల అప్పు తీసుకున్నారు. నెలకు కిస్తీ దాదాపు 16,600 రూపాయలు, అంటే ఏడాదికి రెండు లక్షలు. ఐదేళ్లలో కట్టే వడ్డీయే 1,96,000 దాకా అవుతుంది. ఈలోగా కారు విలువ సంగతి చూడండి. ఆరు నెలలు దాటగానే 15 శాతం, నాలుగేళ్లు దాటగానే 50 శాతం తరుగుదలను బీమా పట్టికే లెక్కగడుతుంది. లైఫ్ ట్యాక్సు, పూర్తి బీమా ప్రీమియం దీనికి అదనం. పాత కారు ఏడాదికి అరవై వేలు కాదు, లక్ష తిన్నా ఈ మొత్తంలో సగమే.

కొత్తది మైలేజీ ఎక్కువ ఇస్తుంది కదా అంటారు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఇంట్లో లీటరుకు 14 ఇచ్చే పాత కారు పోయి 19 ఇచ్చే కొత్తది వస్తే ఏడాదికి సుమారు 225 లీటర్లు మిగులుతాయి. లీటరు 107 రూపాయల లెక్కన 24,000. ఆ ఇరవై నాలుగు వేల కోసం ఏటా రెండు లక్షల కిస్తీ కట్టడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే. 2025 సెప్టెంబరులో చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గినప్పుడు షోరూముల ప్రకటనలు ఊరంతా కనిపించాయి. అదే రోజు విడిభాగాల మీద పన్ను కూడా 28 నుంచి 18కి దిగిందని చెప్పిన ప్రకటన నాకు ఒక్కటీ కనిపించలేదు.

అసలు కారు ముసలిదవడం అంటే ఏమిటి? కారులో అరిగిపోవడానికే పెట్టిన భాగాలు కొన్ని ఉంటాయి: క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్లు, షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, బేరింగులు, రబ్బరు పైపులు. ఇవి అరిగితే మార్చాలి. మారిస్తే అవి కొత్తవే. చెప్పు అరిగితే చెప్పే మారుస్తాం. ఇక రెండో రకం కారు అస్థిపంజరం: ఛాసిస్, ఫ్లోరు, షాకులు కూర్చునే చోట్లు. అక్కడ తుప్పు పట్టినా, పెద్ద ప్రమాదంలో వంకర తిరిగినా ఎంత ఖర్చు పెట్టినా నిలవదు. ఇంజిన్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. సిలిండర్లలో ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ పరీక్ష చేయిస్తే దాని పరిస్థితి చాలావరకు తెలుస్తుంది. ఓడోమీటర్ అంకె ఇందులో ఏదీ చెప్పదు. విజయవాడ హైవే మీద ఐదో గేరులో తిరిగిన లక్షా ఎనభై వేల కిలోమీటర్ల కంటే అమీర్‌పేట, పంజాగుట్ట రద్దీలో మొదటి గేరులో ఈడ్చిన డెబ్బై వేలు కారును ఎక్కువ నలుపుతాయి.

నా కారు 2012లో కొన్నది, పెట్రోలుది. 1,83,000 కిలోమీటర్లు తిరిగింది. నిరుడు ఒక సర్వీసు సెంటర్లో 86,000 అంచనా వేసి, ఆ కాగితంతో పాటే ఎక్స్ఛేంజి బోనస్ కరపత్రం చేతిలో పెట్టారు. సికింద్రాబాద్ రాణిగంజ్ సందులో ఒక మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన కారును జాకీ మీద లేపి, చక్రాన్ని రెండు చేతులతో పట్టి ఊపి చూశాడు. లోయర్ ఆర్మ్‌లు నిజంగానే పోయాయి, క్లచ్ కూడా పోయింది. ఏసీ కంప్రెసర్ మాత్రం బాగానే ఉంది, పోయింది దానికి కరెంటు అందించే చిన్న స్విచ్చు, రిలే. రేడియేటర్ కారడం లేదు, పైపు క్లాంపు వదులైంది. మొత్తం బిల్లు 34,000. ఆ తర్వాత పదకొండు నెలలుగా కారు ఎక్కడా ఆగలేదు.

అమ్మక తప్పని కార్లూ ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు సీట్ల పైదాకా మునిగిన కార్లలో వైరింగు, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు (ఈసీయూ) ఒకదాని తర్వాత ఒకటి మొండికేస్తాయి. వాటి మీద డబ్బు పోయకండి. విశాఖ, కాకినాడ ఉప్పుగాలికి కింది భాగం పొరలు పొరలుగా రాలుతున్న కారుకూ ఇదే మాట.

ఎదుటి వాదనల్లో నన్ను ఆపేది భద్రత ఒక్కటే. 2019 ఏప్రిల్ నుంచి, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, 2022 జనవరి నుంచి ముందు రెండు ఎయిర్‌బ్యాగులు కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయ్యాయి. నా కారు పై వేరియంటు కాబట్టి అవి రెండూ ఉన్నాయి. అవి లేని కారులో పిల్లలను ఎక్కించుకుని తరచూ హైవే ఎక్కే కుటుంబాన్ని నేనూ మార్చమనే అంటాను.

కాలుష్యం వాదనను మాత్రం వయసుతో కొలవనివ్వను. ఢిల్లీ చేసింది అదే. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోలు బండ్లకు 2025 జూలై 1 నుంచి బంకుల్లో ఇంధనం పోయవద్దన్నారు, కొద్ది రోజులకే వెనక్కి తగ్గారు. ఆగస్టులో సుప్రీంకోర్టు యజమానులపై కఠిన చర్యలు వద్దని చెప్పి, డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై పొగ ప్రమాణాలకు తయారైన బండ్లకు పరిమితం చేసింది. పుట్టిన తేదీని వదిలి పొగ ప్రమాణాన్ని చూడటం దాకా వచ్చారు. ఇంకో అడుగు వేసి, ప్రతి బండినీ దాని పొగగొట్టం దగ్గరే పరీక్షించి తేల్చాలి.

మరమ్మతు ఖరీదై, కొత్తది కొనడం తేలికగా అనిపించడం వెనుక ఎవరి ప్రయోజనం ఉందో అడగాలి. 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని, డయాగ్నొస్టిక్ పరికరాలను బయటి మెకానిక్‌లకు అందనివ్వలేదన్నది నేరం. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022లో కేంద్రం 'మరమ్మతు హక్కు' పోర్టల్ తెరిచి కార్లను కూడా అందులో చేర్చింది గానీ, కంపెనీలను కట్టిపడేసే చట్టం మాత్రం రాలేదు. చెవి పెట్టి విని టాపెట్ శబ్దమో బేరింగు శబ్దమో చెప్పగలిగిన విజయవాడ ఆటోనగర్ మెకానిక్, సాఫ్ట్‌వేర్ తాళం వేసిన కారు ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తోంది. ఆయనకు ఆ తాళం చెవి ఇప్పించడం, పాత బండ్లను తుక్కుకు పంపే ప్రభుత్వ విధానం కంటే ముందు జరగాల్సిన పని. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు కొత్త కార్ల లైఫ్ ట్యాక్సు ఆదాయం మీద చూపే శ్రద్ధలో కొంత దీని మీద పెట్టాలి.

2027లో నా కారుకు పదిహేనేళ్లు నిండుతాయి. 5,000 రూపాయల రుసుము కట్టి, ఫిట్‌నెస్ చూపించి, మరో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటాను. ఈలోగా సైలెన్సర్ మార్చాలి, ముందు టైర్లు రెండూ మార్చాలి. ఇంజిన్ మౌంటింగ్ ఒకటి ఊగుతోంది. దసరా వెళ్లాక తీసుకురమ్మని మెకానిక్ చెప్పాడు.